తొమ్మిది సెకన్లు

"నివాళి తొమ్మిది సెకన్లు ఎక్కువొచ్చింది. కోసెయ్," అన్నాడు అల్లుడు. మామ పోయి ఒక పూటైనా కాలేదు. రేడియో స్టేషన్‌లో ఆయన కుర్చీ చల్లారకముందే అందులో ఎక్కి కూర్చున్నాడు.

ఎడిటరమ్మ చెయ్యి కీబోర్డు మీదే ఆగింది. "ఏది కొయ్యమంటారు? బడుల సంగతా?"

"పదకొండు బడులు కట్టించిన మనిషి! అవి తీసేస్తే ఇంకేం మిగిలింది?"

"పోనీ, రక్తదాన శిబిరాలు? మురికివాడకి మంచినీళ్ళు?"

"ఊరు ఊరంతా చెప్పుకునేది వాటి గురించేగా. ఆరున్నరకి సబ్బు ప్రకటన ఉంది, అది సెకను కూడా జరగదు. ఆ చివర ఏంటది? ఆయన గొంతేనా?"

ఆసుపత్రి మంచం మీద పెద్దాయన పట్టుబట్టి రికార్డు చేయించిన ముక్క అది. ఆయాసం మధ్య ఓ అమ్మాయి పేరు, "నన్ను క్షమించు తల్లీ" అన్న మాట. అంతే.

"ఎవరా పిల్ల?"

"స్కాలర్‌షిప్పు వచ్చిన పిల్లల పేర్లు ఏటా మన వార్తల్లో చదివించేవారు కదండీ. ఓ ఏడాది టైము చాల్లేదు. చివరి పేరు తీసెయ్యమన్నారు, తీసేశాను. స్కాలర్‌షిప్పు ఉత్తరం మర్నాడు చేరింది. పేరు వినపడలేదని పిల్ల ముందురోజు సాయంత్రమే బావిలో దూకేసింది." ఎడిటరమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది. "కోసింది ఈ చెయ్యే."

"బాగుంది! మామగారి పరువు ఆయన నోటితోనే తీయించమంటావా? అదే కొయ్యి."

"ఉంచుతానని మాటిచ్చానండీ."

"మాటిచ్చింది పోయినాయనకి. జీతమిచ్చేది నేను."

ఎడిటరమ్మ మీట నొక్కింది. లెక్క సరిగ్గా సరిపోయింది.

ఆమె వరండాలోకి వచ్చేసరికి ఊడ్చే ముసలామె చీపురు గోడకి చేరేసి రేడియో ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళ కిందట పెద్దాయనే ఎక్కణ్ణుంచో తీసుకొచ్చి పనిలో పెట్టాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పదకొండు బడులూ వచ్చాయి, రక్తదానమూ వచ్చింది, మంచినీళ్ళూ వచ్చాయి. ఆ వెంటనే సబ్బు పాట అందుకుంది.

"అయిపోయింది అవ్వా. ఇంటికెళ్ళు," అంది ఎడిటరమ్మ.

ముసలామె కదల్లేదు. చెవి ఇంకాస్త రేడియోకి ఆనించింది.

"ఉండమ్మా. పేరు చదివిస్తానని పెద్దాయన మాటిచ్చాడు. ఆ రోజూ ఇలాగే మధ్యలో ఏదో పాటొచ్చింది. మా పిల్ల ఆగలేకపోయింది. నేనాగుతా."