వచ్చే ఆదివారం

“అక్కడే ఆగు! బల్ల కదిలితే గీత వంకరపోతుంది!”

తమ్ముడు అరిచేసరికి అన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. బల్ల మీద నిలువెత్తు అద్దం పలక పరిచి ఉంది. తమ్ముడు ఊపిరి బిగబట్టి, కోత చక్రాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి లాగాడు. పలకని అంచుకి జరిపి కిందికి నొక్కాడు. టప్పుమని రెండు ముక్కలయింది.

“ఇప్పుడు రా. బోధ మొదలెట్టు,” అన్నాడు నవ్వుతూ.

అన్న వీధి చివరి చర్చిలో ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాడు. ఊడవడం, గంట కొట్టడం, బాప్తిస్మపు తొట్టి కడిగి నీళ్లు నింపడం, మునిగి లేచినవాళ్లకి తువ్వాలు అందించడం, అన్నీ ఆయనే. రొట్టె, ద్రాక్షరసం పళ్లేలు వరసల మధ్య మోసేదీ ఆయనే. తమ్ముడు మాత్రం ఆ గడప తొక్కింది తక్కువ. ఆదివారమే అద్దాల కొట్టుకి గిరాకీ ఎక్కువ.

“ఆపరేషన్ మంగళవారమే కదరా?”

“అవును.” తమ్ముడు మెడ కింది గడ్డని తడుముకున్నాడు.

“అయితే రేపే కానిద్దాం. తొట్టి నింపేస్తాను.”

“తొట్టి ఎక్కడికీ పోదులే అన్నా.”

“తొట్టి పోదురా. మనిషే పోతాడు.”

“కత్తి కిందికి వెళ్లేవాడితో అనే మాటేనా ఇది? బంగారంలాంటి నోరు నీది!”

అన్న నొచ్చుకున్నాడు. స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. “భయపెట్టడానికి కాదురా. ప్రభువంటే నీకు నమ్మకం లేదా? లేదని చెప్పు, ఇంక అడగను.”

“ఉంది. పడుకునే ముందు నేనూ ఆయనతో మాట్లాడతాను. కాకపోతే నీళ్లలోంచి లేచాక మనిషి మారాలిగా! కొట్లో అబద్ధం ఆడకూడదు, కోపమొస్తే నోరు జారకూడదు. కాస్త కుదురుకోనీ.”

“కుదురుకున్నాకే రమ్మన్నాడా ఆయన? మురికి వదిలాక స్నానం చేస్తానన్నట్టుంది.”

“సరే, వచ్చే ఆదివారం.”

“పోయినేడు వానలు తగ్గాక అన్నావు. అంతకుముందు కొట్టు మారాక అన్నావు. నీ వచ్చే ఆదివారాలన్నీ కలిపితే ఒక మనిషి ఆయుష్షు అవుతుంది.” అన్న స్టూలు ఇంకాస్త ముందుకు జరిపాడు. “బాప్తిస్మపు అంగీలు కూడా ఉతికి ఆరేశాను. రెండు.”

“రెండెందుకు? నేనంత లావయ్యానా?”

అన్న నవ్వి స్టూలు మీంచి లేచాడు.

మంగళవారం ఆసుపత్రిలో తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్తుంటే అన్న తలుపు దాకా మంచం పట్టుకుని నడిచాడు. ఆయన ముఖంలో ఉన్నంత భయం తమ్ముడిలో కూడా లేదు. తలుపు మూసుకునేముందు తమ్ముడు మొదటిసారి అనుకున్నాడు, అన్న పిలిచినప్పుడే దిగి ఉండాల్సింది అని.

గురువారం రిపోర్టు వచ్చింది, గడ్డ మామూలుదేనని తేలింది. ఆ మాట విని అన్న వరండాలో గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఏడవకు అన్నా, నేను పోలేదుగా,” అన్నాడు తమ్ముడు, పక్కకొచ్చి నిలబడి. “ఈసారి తప్పించుకోను. శనివారం కుట్లు విప్పుతారు. ఆదివారం పొద్దున్నే దిగుతాను. నువ్వు తువ్వాలు పట్టుకుని నిలబడు.”

“నిజంగానా?”

“నిజం.”

అన్న తమ్ముడి చెయ్యి చాలాసేపు వదల్లేదు.

శనివారం కుట్లు విప్పించుకుని, తమ్ముడు తిన్నగా చర్చికే వెళ్లాడు. వెనకవైపు తొట్టి మెట్ల దగ్గర నలుగురు గుమిగూడి ఉన్నారు. అన్న పొద్దున్నించీ తొట్టి అడుగున పాచి గీకి, కొళాయి తిప్పి, కాస్త అలుపు తీర్చుకుందామని మెట్టు మీద కూర్చున్నాడట. అలాగే పక్కకి ఒరిగిపోయాడు. టీ తెచ్చిన వదినే చూసింది. అప్పటికి తొట్టి నిండి, నీళ్లు మెట్ల మీదుగా పారి ఆయన పాదాలు తడుపుతున్నాయి.

తమ్ముడు ఆ తడి మెట్ల మీదే కూలబడ్డాడు.

మర్నాడు పొద్దున అతను తొట్టి దగ్గరికి వచ్చాడు. అంత్యక్రియలు అయ్యాక చూద్దామని చుట్టాలు నచ్చజెప్పారు. “ఇవి మా అన్న పట్టిన నీళ్లు. ఇంకో ఆదివారం నాకొద్దు,” అన్నాడు. పాస్టరుగారు తల పట్టి ముంచి లేపారు. తువ్వాలు అందించే చెయ్యి లేక ఒక్క క్షణం అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. వదిన ముందుకొచ్చి తన కొంగుతో అతని ముఖం తుడిచింది.

సాయంత్రం శవపేటిక పక్కన నిలబడ్డప్పుడు తమ్ముడి గుండెలో దుఃఖం అడుగున ఒక చిన్న ఊరట ఉంది. ఆలస్యమైనా అన్న కోరిక తీరింది. ఆయన ముందు వెళ్లాడు, తను వెనక వెళ్తాడు, అంతే తేడా. అక్కడ కలుసుకున్నప్పుడు మొట్టికాయ తప్పదు.

పాస్టరుగారు ఆ చర్చికి వచ్చి ఆరు నెలలే అయింది. మట్టి చేసేముందు మనిషి పుట్టిన రోజు, పెళ్లి రోజు, బాప్తిస్మం తీసుకున్న రోజు చదివి వినిపించడం అక్కడి పద్ధతి. ఆయన చేతిలో కాగితం పట్టుకుని తమ్ముణ్ణి మెల్లగా అడిగారు.

“పుట్టిందీ, పెళ్లయిందీ రాసుకున్నాను బ్రదర్. అన్నగారి బాప్తిస్మం ఏ ఏడు? పాత పుస్తకాలన్నీ వెతికించాను, కనబడలేదు.”

“నాకూ తెలీదండీ. నన్ను తీసుకోమని పోరు పెట్టడమే గానీ తన సంగతి ఎప్పుడూ చెప్పలేదు.” తమ్ముడు వదిన వైపు తిరిగాడు. “ఏ ఏడు వదినా?”

వదిన పేటిక దగ్గరికి జరిగింది. మూత మీద చెయ్యి వేసింది.

“నీతో కలిసే నీళ్లలో దిగాలని, ఆయనా ఆగిపోయాడయ్యా.”