గుట్ట ఎక్కిన కుందేలు పిల్ల

నేను గాడిదను. అక్షరం ముక్క రాదు కాబట్టే అడవి బడి కమిటీలో వేశారు.

బడిదాకా నడవలేని పిల్లలకు ఇంటికే వెళ్లి చదువు చెప్పే పంతులును పెడదామనుకున్నాం. అలాంటి పిల్లలెవరో తేల్చడానికి గాలి బాగుంటుందని మా అధ్యక్షుడు ఎలుగుబంటి గుట్టమీద శిబిరం పెట్టాడు. పిల్లల్ని ఎత్తుకొస్తే చెల్లదన్నాడు.

కుందేలమ్మ కొడుకు వెనక కాళ్లు పడిపోయినవాడు. పొట్ట చెక్కుకుపోయేలా పాక్కుంటూ పైకొచ్చాడు.

"ఎక్కాడుగా. ఇంకేం లోపమమ్మా వీడికి?" అన్నాడు ఎలుగు.

"పొద్దుట్నించీ పాకుతున్నాడయ్యా. తాబేలమ్మ పిల్లయితే సగంలోనే ఆగిపోయింది" అంది కుందేలమ్మ.

"రానివాళ్లను లెక్కలో ఎలా వేస్తాం?"

నేను చెవులూపాను. కమిటీలో నా పని అదే.

అడవిలో నడవలేని పిల్లలే లేరని తీర్మానించాం. పంతులు కోసం దాచిన గింజలు శిబిరం పందిరికి ఖర్చు రాశాం.

కొడుకును వీపున వేసుకుని కుందేలమ్మ గుట్ట దిగుతోంది. వాడి గొంతు మాకు వినబడుతూనే ఉంది.

"అమ్మా, నాకే లోపమూ లేదన్నారుగా. అయితే రేపట్నించి అందరితోపాటు బడికి గెంతుకుంటూ వెళ్లొచ్చా?"