అచ్చిరాని ముక్కు

"ఒక్క ఫొటోలో కూడా ఆ మొహం మిగలకూడదు," అన్నాడు డైరెక్టర్ మ్యోంగ్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"మిగలదండి," అన్నాడు తాక్.

రేపు సియోల్‌లో కంపెనీ యాభయ్యేళ్ల పండగ. పాత ఫొటోలన్నీ పెద్ద తెర మీద వేస్తారు. పండగైతే చేస్తున్నారుగానీ కంపెనీ నూడుల్స్ కొనేవాడు లేడు. ప్యాకెట్లో పులుసు పొడి సగానికి తగ్గించాక జనం మానేశారని వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. ఛైర్మన్ వీధిలో అడగలేదు. ముఖం చూసి అదృష్టం చెప్పే పెద్దాయన్ని పిలిపించాడు. ఆయన గోడ మీది ఫొటోలన్నీ కలియజూసి, ఒక మొహం మీద వేలు పెట్టాడు.

"ముక్కు రంధ్రాలు ఎదురుగా కనబడుతున్నాయి. ఈ ముక్కు చుట్టుపక్కల డబ్బు నిలవదు. చూసినవాళ్లకీ మంచిది కాదు."

ఇంకేముంది, ఆ మొహాన్ని ఏరి పారేసే పని తాక్ నెత్తిన పడింది. మొహాలు పోల్చి ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్ కంపెనీలో అతనొక్కడికే వచ్చు. పని శుభ్రంగా చేస్తే ఎక్కడో చెయోనాన్ ఊళ్లో ఉన్న కంపెనీ గోదాములో ఉద్యోగం ఇస్తామన్నారు. ఒక్క మొహం మిగిలినా అదీ ఇవ్వరు. కూతురి చదువు మధ్యలో ఉంది. ఆ ఉద్యోగం తాక్‌కి కావాలి.

సాఫ్ట్‌వేర్ మహా గడుసుది. గొడుగు చాటున చెవి కనబడినా చాలు, "ఇదీ ఆ మనిషేనా?" అని అడుగుతుంది. తాక్ "అవును" నొక్కుతాడు. ఆ మనిషి లేని చోటు లేదు, ఉన్నచోటల్లా అంచునే. ఛైర్మన్‌కి గొడుగు పడుతూ, ఛైర్మన్ తల్లి అంత్యక్రియల్లో వచ్చినవాళ్ల చెప్పులు సర్దుతూ, విందుల్లో అందరికీ మాంసం కాలుస్తూ. తాక్‌కి ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా మధ్యలో నిలబడాలని తోచలేదేం వీడికి?

లెక్కల విభాగం బోంగ్ గారు వెనకనుంచే బల్ల మీద కాఫీ పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయారు.

చిక్కంతా కొండ ఫొటోతో వచ్చింది. కంపెనీవాళ్లంతా కొండెక్కిన రోజు ఛైర్మన్ కాలు బెణికితే, ఆ మనిషే వీపున మోసుకుని దిగాడు. ఛైర్మన్‌కి ఆ ఫొటో అంటే ప్రాణం. తాక్ డైరెక్టర్‌ని పిలిచాడు.

"దీన్నేం చేయమంటారండీ?"

డైరెక్టర్ వేళ్ల సందుల్లోంచి తెరకేసి చూశాడు. "మోసేవాణ్ణి తీసెయ్."

"ఛైర్మన్ గారు గాల్లో ఉంటారండీ."

"ఉండనీ. దేవుడిలా ఉంటారు."

తీసేశాడు. ఛైర్మన్ కాళ్లు చాచుకుని, కొండదారి మీద నవ్వుతూ తేలాడు.

సాయంత్రానికి పని అయిపోయింది. "ఈ మనిషిని పూర్తిగా తొలగించమంటారా?" అని సాఫ్ట్‌వేర్ ఆఖరిసారి అడిగింది. తాక్‌కి ఎందుకో ఏడుపొచ్చింది. కూతుర్ని తలుచుకుని నొక్కేశాడు.

డైరెక్టర్ వచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఒక్కటీ మిగల్లేదుగా?"

"ఒక్కటి మిగిలిందండి."

"ఏదయ్యా అది? ఛైర్మన్ గారి కంటపడితే ఇంకేమన్నా ఉందా!"

"ఇదండీ," అంటూ తాక్ తన మెడలోని గుర్తింపు కార్డు తీసి, పాపం డైరెక్టర్ చూపు పడకుండా, ఫొటో ఉన్న వైపు బోర్లించి ఆయన చేతిలో పెట్టాడు.