నల్లపట్టీ

"నీ కొడుకేడీ, చిట్టమ్మా? నా కూతుర్ని ఏ ఊరు లేవదీసుకుపోయాడు?"

గేట్ బజార్లో ఆటో పూర్తిగా ఆగకుండానే దిగి, హైమవతి ఆ చిన్న బట్టల దుకాణం మెట్లెక్కేసింది. రవిక గుడ్డలు బేరమాడుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. గల్లా దగ్గర కూర్చున్న చిట్టమ్మ లేచి నిలబడింది.

"ఏటమ్మా, ఏటి మాటలు? ఎవరి కూతురు? ఎవరు లేవదీసినారు?"

"నీ కిరణే! నా ప్రణతిని ఆంధ్రాకి దాటించీసినాడు! ఇదిగో, సూసుకో!"

తానుల గుట్ట వెనక నుంచి కిరణ్ మెల్లగా తల పైకెత్తాడు. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"నేనిక్కడే ఉన్నానండీ."

హైమవతి చాచిన ఫోన్‌ని అతని వైపు తిప్పింది.

ప్రణతి ఛత్రపురంలో గది తీసుకుని, మహిళా సంఘాల పని మీద ఊళ్ళు తిరుగుతుంది. ఒకరోజు మార్కండి, ఇంకోరోజు ఇంకో మూల. ఏ లారీ గుద్దిందో, ఏ పడవ మునిగిందోనని హైమవతికి కంటి మీద కునుకుండదు. అందుకే ఒక షరతు పెట్టింది. రోజూ ఒక ఫోటో పంపాలి. దాని అడుగున నల్లపట్టీ మీద ఊరి పేరు, తేదీ, వేళ జీపీఎస్‌తో పడాలి. మొహం ఒక్కటే కుదరదు. కాలు విరగ్గొట్టుకుని నవ్వుమొహం పంపే పిల్లలుంటారు. మనిషి నిలువునా కనపడాలి.

మొదట్లో ప్రణతి విసుక్కునేది. ఈమధ్య తనే అడగకుండా పంపుతోంది. పాదాల మీదుగా ఆ నల్లపట్టీ లేని ఫోటో ఒక్కటీ రాలేదు.

ఇవాళ ఆంధ్రా సరిహద్దుకి ఇవతలున్న గిరిసోల వెళ్తున్నానంది. పట్టీ మీద 'ఇచ్ఛాపురం, ఆంధ్రప్రదేశ్' అని పడింది. కిరణ్‌ని చేసుకుంటానని ప్రణతి అన్నప్పుడు హైమవతి అన్నం మానేసి మంచం పట్టింది. ఆ తర్వాత పిల్ల మళ్ళీ ఆ పేరెత్తలేదు. ఇప్పుడు ఏ గుళ్ళోనో దండలు మార్చేసుకుంటున్నారనుకుంది.

కిరణ్ ఫోటో చూశాడు. "గిరిసోలేనండీ. ఎనకాల ఊరి బోర్డు సగం కనపడతంది సూడండి. సరిహద్దు కదా, ఫోన్ ఒక్కోసారి అటేపు ఊరి పేరు పట్టీసుకుంటది."

నిజమే. భుజం పక్కన పచ్చటి బోర్డు మీద ఊరి పేరు సగమైనా స్పష్టంగా ఉంది. హైమవతి పట్టీ చదివింది గాని, బొమ్మ చూడలేదు.

కిరణ్ తన ఫోన్‌లో నంబరు నొక్కాడు. మొదటి రింగుకే ప్రణతి ఎత్తింది. "మీ అమ్మగారు మాట్లాడతారంట" అని ఫోన్ అందించాడు.

"అమ్మా? అక్కడికెందుకెళ్ళావు?"

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నలుగురిలో నా బిడ్డని దొంగని సేసీసినావు," అంది చిట్టమ్మ. "రేపీ బజార్లో నేను మొహమెలా ఎత్తుకోను?"

"ఊరుకోయే అమ్మా," అన్నాడు కిరణ్. తనే వెళ్ళి ఆటో ఆపాడు. దుకాణం మెట్లు దిగుతుంటే హైమవతికి ఒంటి మీద చీర లేనట్టనిపించింది.

సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"తప్పయిపోయింది తల్లీ. నిన్నూ ఆ అబ్బాయినీ బజారుకీడ్చీసినాను. ఇంక ఆ పట్టీ పెట్టకు. నిన్ను నమ్మకుండా ఫోన్‌ని నమ్మీసినాను."

"ఉండనీలే అమ్మా. అలవాటైపోయింది."

"వద్దు. అది సూస్తే సిగ్గుతో సచ్చిపోతాను."

ప్రణతి గొంతు తగ్గించింది.

"అమ్మా, ఏం చూసినా నన్ను కాదనవు కదా?"

"పిచ్చిపిల్లా, నిన్నెందుకు కాదంటాను? నా మీద ఒట్టు."

కాసేపటికి ఫోటో వచ్చింది. గది గుమ్మంలో నిలువునా నిలబడి ఉంది ప్రణతి. కళ్ళు ఏడ్చినట్టున్నాయి. నల్లపట్టీ లేదు, ఊరి పేరు లేదు, వేళ లేదు. హైమవతి ముందు ఆ మొహాన్నే తనివితీరా చూసుకుంది. అలవాటు కొద్దీ చూపు ఫోటో అడుక్కి జారింది.

ప్రణతి కాళ్ళకు మెట్టెలున్నాయి.