చెవి విరిగిన రింగు

"ఆదివారం లోపల ఒరిజినల్ రింగు బిగించకపోయావో, ఈ కారు వెనకే నువ్వూ నీ సామానూ షెడ్డు దాటాల్సిందే. అర్థమైందా?"

భవానీప్రసాద్ ఫియట్ కారు ఎడమ హెడ్‌లైటు మీద చేత్తో చరిచాడు. దాని చుట్టూ ఉన్న రింగు డూప్లికేట్. ఎప్పుడో ఎవరో తీగతో కట్టేసింది. అదే ఆయన కడుపుమంట.

నందిగామ బైపాస్ పక్కన ఎడ్విన్ మెకానిక్ షెడ్డు ఆయన స్థలంలోనే ఉంది. షెడ్డు వెనక రేకుల గదిలోనే ఎడ్విన్ పెళ్లాం, ఇద్దరు పిల్లలు. కాబట్టి ఆయన అరుస్తాడు, ఇతను వింటాడు. స్థలం ఉన్నవాడికి నోరు, లేనివాడికి చెవులు. ఈ దేశంలో పంపకం ఎప్పుడో అయిపోయింది.

"జగ్గయ్యపేటలో పాతినుము కొట్లన్నీ తిరిగానండి. కంచికచర్ల, కీసర కూడా చూసొచ్చా. కుడివైపు రింగు ఊడదీసి, శాంపిలు పట్టుకుని కనబడినవాణ్ణల్లా అడిగా. అరవై రెండు మోడలండి, ఎక్కడని దొరుకుద్ది? పోనీ దీన్నే పాలిష్ పెట్టి..."

"పాలిష్ నీ మొహానికి పెట్టుకో. పోయినేడు పాత కార్ల ర్యాలీలో ఆ జడ్జి వంగి చూసి, ఇదొక్కటీ డూప్లికేటన్నాడు. కప్పు వీరేంద్రగాడు ఎత్తుకుపోయాడు. నా ముందే పళ్లికిలించాడు. మళ్లీ వాడి పళ్లు చూడమంటావా నన్ను?"

ఎడ్విన్ తలొంచుకున్నాడు. వెనక గదిలో కుక్కర్ కూత వేసింది.

"ఈ కారేనా బాబూ?"

గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. కీసర పాతినుము కొట్లో రేకులు ఏరే ఆరోగ్యమ్మ. మొన్న ఎడ్విన్ అక్కడ శాంపిలు చూపించినప్పుడు, దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. కారెక్కడుందని మాత్రం అడిగింది.

ఇప్పుడు చంకలోని గుడ్డ మూట విప్పింది. అందులో రింగు. ఒక పక్క సొట్ట, నిండా మకిలి. కింద స్క్రూ పట్టే చెవి సగానికి విరిగిపోయి ఉంది.

భవానీప్రసాద్ కళ్లు పెద్దవయ్యాయి. "ఎంతకిస్తావే?"

"అమ్మటానికి తేలేదయ్యా. ముందు పట్టుద్దో లేదో చూడమను."

ఎడ్విన్ తీగ తెంపి డూప్లికేట్ రింగు ఊడదీశాడు. దాని కింద తుప్పు పట్టిన స్క్రూ ఒకటి బాడీకి కరుచుకుని ఉంది. ఆ స్క్రూ కింద గోరంత ఇనుప ముక్క. అతను ముసలమ్మ తెచ్చిన రింగును గుడ్డతో తుడిచి, హెడ్‌లైటు మీద ఆనించి మెల్లగా తిప్పాడు. విరిగిన చెవి వచ్చి ఆ ముక్కకు ఆనుకుంది. పగిలిన గాజును మళ్లీ కలిపినట్టు, సందన్నది లేదు.

"పట్టిందండి," అన్నాడు. గొంతులో ప్రాణం లేచొచ్చింది. "ఈ కారుదే."

"ఖాయమా బాబూ?" ఆరోగ్యమ్మ దగ్గరకొచ్చింది. "ఇట్టాంటియ్యి వంద కార్లకుంటయ్యంటగా."

"రింగులు వంద కార్లకుంటయ్ పెద్దమ్మా. విరిగిన ముక్క ఈ కారుకే ఉండిపోయింది, చూడు. ఇంకే కారుకీ ఇట్టా అతకదు. నేను ఎక్కడైనా చెప్తా."

భవానీప్రసాద్‌కు ఆనందం ఆగలేదు. "రేయ్, ఫోన్ తియ్యి. నాది ఛార్జింగ్ అయిపోయింది, నీ ఫోన్లోనే వీడియో తియ్యి. ర్యాలీ గ్రూపులో పెడదాం. వీరేంద్రగాడు చూసి చావాలి."

ఎడ్విన్ ఫోన్ పట్టుకున్నాడు. భవానీప్రసాద్ జుట్టు సర్దుకుని, రింగు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"చూడండి ఫ్రెండ్స్. ఇది నా కారుతో పాటు పుట్టిన రింగు. పక్కా ఒరిజినల్. ఈ స్టీరింగు నా పాతికో ఏట పట్టా. ఆ రోజు నుంచి ఇంకోడి చేతికి ఇచ్చింది లేదు, డ్రైవర్ని కూడా పెట్టలా. తొంభై మూడులో కీసర దగ్గర ఒక గేదె అడ్డమొచ్చింది. అప్పుడు ఊడిపోయింది. ఇన్నాళ్లకు మళ్లీ ఇంటికొచ్చింది."

"గేదె బతికిందా అయ్యా?" ఆరోగ్యమ్మ అడిగింది.

"ఎవరు చూశారే? గేదె కోసం కారాపుతారా ఎవరైనా?" ఆయన ఫోన్ వైపు చూసి నవ్వాడు.

ఆరోగ్యమ్మ నవ్వలేదు.

"గేదె కాదయ్యా. మా ఆయన."

బయట హైవే మీద లారీలు పోతున్నాయి.

"తెల్లారి రోడ్డు పక్కన దొరికాడు. ఇది ఆయన పొట్ట కింద ఉంది. స్టేషన్‌కి పట్టుకెళ్లా. ఇట్టాంటియ్యి వంద కార్లకుంటయ్, ఏ కారని రాసుకోమంటావ్ అని తిరిగి నా చేతిలోనే పెట్టారు. అప్పట్నుంచీ పాతినుము కొట్లోనే పనిచేస్తన్నా. ఎప్పటికైనా ఆ కారు అక్కడికే వస్తదనుకున్నా."

ఎడ్విన్ చేతిలోని ఫోన్లో వీడియో ఇంకా నడుస్తూనే ఉంది.

భవానీప్రసాద్ రింగు మీద నుంచి చెయ్యి తీసేశాడు. ముసలమ్మ వైపు చూడలేదు. నాలుగడుగులు వేసి ఎడ్విన్ పక్కకొచ్చాడు. ఇన్నేళ్లలో మొదటిసారి, అతని గ్రీజు చొక్కా మీద చెయ్యేశాడు.

"ఎడ్విన్ బాబూ," అన్నాడు. "ఈ స్థలం నీ పేర రాసిస్తాను. ఆ డూప్లికేటే బిగించు."