మట్టిగడ్డలో మువ్వ

ఒక దొడ్లో చూపులేని మేక ఉండేది. పిల్ల మెడలో మువ్వ మోగితేనే, అదెక్కడుందో తల్లికి తెలిసేది. ఆ మువ్వ కాస్తా తెగి చెత్తకుప్పలో పడింది. అది మొదలు తల్లి మేత ముట్టక అరుస్తూనే ఉంది.

అది చూడలేక, దొడ్లోని కోడి మువ్వ కోసం కుప్పంతా గీరింది. దొరికిందల్లా తెచ్చి రాతి మీద పడేసి, చెవి ఒగ్గి వినేది. సోడామూతలు, మేకులు, రేకుముక్కలు, అన్నీ టప్పుమనేవే. చివరికి ఓ మట్టిగడ్డ తెచ్చింది.

"కోడక్కా, తళతళలాడేవి ఏరుకోక ఈ మట్టిగడ్డ కూడానా?" అని గోడ మీది కాకి నవ్వింది.

"మెరిస్తే ఆ తల్లికేం కనపడుద్ది తమ్ముడూ? మోగాల గానీ," అంటూ కోడి ఆ గడ్డనీ పడేసింది.

గడ్డ పగిలి ఘల్లుమంది.

తల్లిమేక చెవులు నిక్కాయి. "నా బిడ్డ మువ్వే," అంది.

కాకి మరి నవ్వలేదు. గూట్లో దాచుకున్న మెరుపులన్నీ ఒక్కొక్కటే తెచ్చి ఆ రాతి మీద పడేసింది. ఒక్కటీ మోగలేదు.

"అక్కా, నాకూ వినడం నేర్పవా?" అంది.