రెండు వేళ్ల సందు

మెడ తిప్పవద్దని డాక్టరు చెప్పిన మాటను వెంకటరామారావు బాగా వంటబట్టించుకున్నాడు. పూల్‌సింగ్ పక్కనుంచి ఏదో అడిగితే, తెల్లటి మెడపట్టీతో మనిషి మొత్తం అటు తిరిగాడు. పట్టీ లేని రోజుల్లోనూ ఆయన ఎవరికోసమూ మెడ తిప్పిన మనిషి కాదు కాబట్టి, కొత్తగా వచ్చిన కష్టమేమీ లేదు.

అది 1988 వేసవి. పూల్‌సింగ్‌ది కారేపల్లి పక్క తండా. ఖమ్మంలో షెడ్డు వేసుకుని ఇన్నాళ్లూ లారీ సీట్లు కుట్టాడు. ఈమధ్య కార్ల సీట్లకు తలదిండ్లు బిగిస్తున్నాడు. రెండు ఇనప చువ్వల మీద దిండు నిలబడుతుంది. మర వదులు చేస్తే పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

వెంకటరామారావుది ముదిగొండ. పొలం గాక భద్రాచలం అడవిలో తునికాకు కాంట్రాక్టు కూడా ఉంది. రెండు వారాల క్రితం భార్యతో అటునుంచి వస్తూ రైలు గేటు దగ్గర కారు ఆపితే, వెనక నుంచి లారీ గుద్దింది. ఆయన మెడ పట్టేసింది. అందుకే ఇప్పుడు ఈ షెడ్డుకు వచ్చాడు, వచ్చి పూల్‌సింగ్‌కు ఉపకారం చేస్తున్నట్టు నిలబడ్డాడు.

“దిండు చెవుల మీదికి రావాలె సారు,” అన్నాడు పూల్‌సింగ్. “తలకూ దిండుకూ నడుమ రెండు వేళ్ల సందు మించొద్దు. మించితే ఉన్నా లేనట్టే. గుద్దినప్పుడు తల ఎనక్కి ఇరుసుకపోతది.”

ఆయన సగమే విన్నాడు. వెనక సీటుకు రెండు చాలన్నాడు, రెగ్జిన్ మాత్రం ఖరీదైంది ఉండాలన్నాడు.

కారు పక్కన డ్రైవరు సమ్మయ్య నిలబడి ఉన్నాడు. నెత్తిన తెల్ల టోపీ, మెడ చుట్టూ తువ్వాలు. టోపీ అయ్యగారి హుకుం. కారున్నవాడి డ్రైవరుకు టోపీ లేకపోతే కారున్నట్టు నలుగురికీ ఎలా తెలుస్తుందని ఆయన బెంగ. తువ్వాలు మాత్రం సమ్మయ్య సొంతం. ఆ రోజు లారీ గుద్దిన దెబ్బకు అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది అతని మెడే.

“డ్రైవరుకు గూడ ఒకటి పెడదాం సారు,” అన్నాడు పూల్‌సింగ్. “ఇంకోసారి గిట్లనే కుదిపితే చేతులు రెండూ పడిపోతయని దవాఖానల చెప్పిండ్రట. చేతులు పోతే ఇంటిల్లిపాది ఏం తింటరు?”

వెంకటరామారావు పట్టీ సాగినంత మేర నవ్వాడు. “కట్టెల మోపులు మోసిన మెడయ్యా అది. దానికి దిండేమిటి? పెట్టామంటే హాయిగా నిద్రపోతాడు, మనల్ని చెట్టుకు గుద్దుతాడు.”

పూల్‌సింగ్ మళ్లీ బతిమాలాడు. పని చేతకాకపోతే చెప్పమని, బెజవాడలో బోలెడు మంది ఉన్నారని ఆయన కసిరాడు.

అంతవరకూ స్టూలు మీద కూర్చుని, తనకేమీ పట్టనట్టు కొంగుతో విసురుకుంటున్న ఆయన భార్య సీతారావమ్మ అప్పుడు నోరు విప్పింది.

“ఏమండీ, మీ దిండ్ల సంగతి తర్వాత. ముందు వాడి తల వెనక ఏదైనా అడ్డం పెట్టించండి. ఆ జుట్టుకు పట్టించే ఆముదం కంపు భద్రాచలం దాకా భరించలేక చస్తున్నాను.”

భర్త ముఖం వెలిగింది. భార్య ముక్కు అంత సుకుమారమైనదని నలుగురికీ తెలియడం ఆయనకు గర్వకారణం. అంతేకదా, మంచి తెర కట్టిద్దామన్నాడు.

“తెరగుడ్డకు కంపు ఆగుతుందా? అదే పీల్చుకుని ఇంకా కొడుతుంది. దిండే పెట్టించండి, మందంగా. చెవుల మీదికి రావాలి, ఆ జుట్టు నా కంటపడకూడదు. తలకు ఆనుకునే ఉండాలి. సందు రెండు వేళ్లు దాటిందంటే కంపంతా అందులోంచే వస్తుంది.”

“విన్నావుగా,” అన్నాడు ఆయన పూల్‌సింగ్‌తో. “మొదట అది చెయ్యి.”

సమ్మయ్య తల వంచుకుందామన్నా మెడ వంగదు కాబట్టి, అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

పూల్‌సింగ్‌కు ఒళ్లు మండింది. అతని నెత్తికీ ఆముదమే. మొగుడు బండరాయి అనుకుంటే పెళ్లాం కాలకూట విషం అనుకున్నాడు. మనిషి చేతులు పడిపోతాయంటే రాని దిండు, ఆమె ముక్కు ముడుచుకుంటే వచ్చింది. ఛీ, వీళ్లదీ ఒక బతుకేనా! దిండు కుడుతున్న మూడు రోజులూ ఆమెను తిట్టుకుంటూనే సూది దించాడు.

నాలుగో రోజు కారు వదిలి భార్యాభర్తలు బట్టల కొట్టుకు వెళ్లారు. పూల్‌సింగ్ చువ్వలు దించి, సమ్మయ్యను సీట్లో కూర్చోమన్నాడు. టోపీతో కొలత తప్పుతుంది, తీయమన్నాడు. తువ్వాలు కూడా తీయించాడు.

నున్నటి గుండు, దాని మీద మానుతున్న చిన్న గాటు. చెవుల పక్కన గానీ మెడ మీద గానీ ఒక్క వెంట్రుక లేదు. ఆముదం రాయడానికి చోటే లేదు.

“ఇదేంది సమ్మన్నా? మొక్కు తీర్చుకున్నవా?”

“లే. టోపీల ఉక్కకు పుండ్లయితున్నయని ఆరేండ్ల సంది గుండే.”

“అయ్యగారికి తెల్వదా?”

“ఆయన నా దిక్కు ఎన్నడు చూసిండు?” అని నవ్వాడు సమ్మయ్య. దిండుకు మెల్లగా తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

పూల్‌సింగ్ మర బిగిస్తున్నవాడల్లా ఆగాడు. “మరి అమ్మగారికి?”

“లారీ గుద్దిన నాడు ఈ గుండు పగిలితే కట్టు కట్టింది ఆమెనే.”